దస్రు పడవ సామాను

దస్రు స్టీరింగు పట్టి పద్దెనిమిదేళ్లయింది. మొదట మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లారీ నడిపాడు, తర్వాత వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు సారు జీపు. ఇన్నేళ్లలో ఆయన బండి కింద కోడిపిల్ల కూడా పడలేదు. అది అదృష్టం కాదని అందరికీ తెలుసు. పొద్దున్నే బండి తియ్యబోయే ముందు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. టైర్లు కాలితో తన్ని చూస్తాడు. రేడియేటరులో నీళ్లు, బ్రేకు ఆయిలు, లైట్లు, హారను, చివరికి స్టెప్నీ. స్టెప్నీలో గాలి తక్కువైతే సారుకు ఎంత అర్జెంటు పనున్నా బండి కదలదు. తండాలో వాళ్లు ఆయనకు చెకింగు దస్రు అని పేరు పెట్టారు. "పండేముందు మంచం కోళ్లు నాలుగూ తట్టి సూస్తడు" అని ఆయన భార్య భూలి కూడా నవ్వేది.

అట్లాంటి మనిషికి 1987లో దీపావళి వెళ్లిన వారానికి ఒక పడవ వచ్చి పడింది.

అది ఇంజనీరు సారుది. సముద్రం పక్కన పెరిగిన మనిషి కాబట్టి, ఆదివారం పూట సరదాగా కృష్ణలో తిరగడానికి నీలం రంగు ఫైబరు పడవ తెప్పించుకున్నాడు. ఇంజను లేదు. రెండు తెడ్లు, నలుగురు కూర్చునే చోటు, అంతే. ఆయనకు ఉన్నట్టుండి రాజస్థాన్ బదిలీ అయింది. సామాన్ల లారీ నిండిపోయాక సారు పడవ వైపు ఒకసారి చూసి, దస్రు వైపు ఒకసారి చూసి, "ఇది నువ్వే ఉంచుకో" అన్నాడు.

"నాకెందుకు సార్? నాకు ఈత గూడ రాదు."

"అందుకే నీకిస్తున్నా. ఈత వచ్చినవాడు ధైర్యంగా దూకుతాడు. నువ్వయితే కాలు పెట్టేముందు పదిసార్లు చూసుకుంటావు." సారు డైరీలో ఒక కాగితం చింపి, నిలబడే ఇంగ్లీషులో ఇటూ అటూ నిండా రాశాడు. "ఇందులో ఉన్నవన్నీ సమకూరే దాకా పడవను నీళ్లలో దించనని మాటియ్యి."

దస్రు వెంటనే మాటిచ్చాడు. దాన్ని నీళ్లలో దించే ఉద్దేశమే ఆయనకు లేదు మరి. ట్రాక్టరు ట్రాలీలో తండాకు తెచ్చి పశువుల కొట్టం పక్కన బోర్లించాడు. మేకపిల్లలు ఎక్కి జారడం మొదలుపెట్టాయి.

భూలి మాత్రం దాన్ని రోజూ తుడిచేది. తండా నదికి రెండు మైళ్ల దూరాన ఎర్రమట్టి గుట్ట మీద ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ వచ్చినప్పటి నుంచి కింద పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ఆ నాట్లకు ఏటా భూలి పోతుంది. నడుము పట్టేసి లేచి నిలబడ్డప్పుడల్లా ఎదురుగా కృష్ణే. పక్క నుంచి మూసీ వచ్చి అందులో కలుస్తుంటుంది.

"నాకొక్కటే కోరిక" అంది ఒకరోజు పడవ మీద చెయ్యి పెట్టి. "గా నీళ్ల నడిమిట్ల కూసోని మన ఒడ్డు ఎట్ల కనవడ్తదో సూడాలె. ఇరవై ఏండ్ల సంది ఒడ్డు మీదికెల్లి నీళ్లు సూస్తున్న. నీళ్ల మీదికెల్లి ఒడ్డు ఒక్కసారి గూడ సూడలె."

దస్రు రెండు రోజులు అటూ ఇటూ తిరిగాడు. పెళ్లయి పాతికేళ్లయినా ఆమె తనను ఇది కావాలని అడిగింది లేదని గుర్తుకొచ్చింది. మూడో రోజు సారు కాగితం పట్టుకుని వాడపల్లి బడి టీచరు జానమ్మ దగ్గరికి పోయాడు.

జానమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. "మనిషికొకటి చొప్పున నీళ్లలో తేల్చే కోటు. లైఫ్ జాకెట్ అంటరు. ఒడ్డు మీద ఉన్నప్పుడే తొడుక్కోవాలె. పడవల పక్కకు పెట్టుకుంటే లేనట్టే అని రాసిండు సారు."

"అంతే గద టీచరమ్మా. స్టెప్నీ ఇంట్ల పెట్టి బండి దీస్కపోతే ఏం ఫాయిద?"

"స్టెప్నీ కూడా ఉంది చూడు. రెండు తెడ్లు కాక మూడో తెడ్డు" అని ఆమె నవ్వి ఇంకా చదివింది. నీళ్లలో పడ్డవాళ్లకు విసరడానికి తాడు కట్టిన ట్యూబు, నీళ్లు తోడే డబ్బా, విజిలు, టార్చిలైటు, లంగరు, కట్టు కట్టే గుడ్డలు. నలుగురిని మించి ఎక్కించొద్దు. తాగినవాణ్ని అసలే ఎక్కించొద్దు. గాలి లేస్తే ఇంట్లో కూర్చోవాలి. ఎటు పోతున్నదీ ఎప్పుడొచ్చేదీ ఒడ్డున ఒకరికి చెప్పి పోవాలి. పడవ తిరగబడితే దాన్ని పట్టుకునే ఉండాలి, ఈదుకుంటూ ఒడ్డుకు పోదామని వదిలెయ్యొద్దు.

వింటున్న కొద్దీ దస్రు మొహం విప్పారింది. తనలాంటి మనిషి లోకంలో ఇంకొకడు ఉన్నాడన్నమాట. ఆ కాగితాన్ని జీపు లైసెన్సుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

కొత్త ఇంజనీరు సారుకు మీటింగులెక్కువ. వారానికి ఒకసారన్నా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరగాల్సిందే. సారు లోపల మాట్లాడుతుంటే దస్రు బజారులో పడేవాడు. సూర్యాపేటలో ఒక పెద్ద బట్టల షాపులో లైఫ్ జాకెట్ ఉందా అని అడిగాడు. సేల్స్‌మన్ కోట్ల అర తెరిచి "పెండ్లికొడుకు ఎవరు, నువ్వా, నీ కొడుకా?" అన్నాడు. నీళ్లలో తేలేది కావాలంటే, షాపులో ఉన్న ఆరుగురూ పని ఆపి దస్రును చూశారు.

మిర్యాలగూడలో ఆటసామాన్ల షాపులో విజిల్లు దొరికాయి. దస్రు ఊదితే కూత గట్టిగానే వచ్చింది. "ఒక గిలాసల నీళ్లియ్యి" అన్నాడు. షాపతను దాహమనుకుని ఇచ్చాడు. దస్రు విజిలును నీళ్లలో ముంచి తీసి మళ్లీ ఊదాడు. లోపలి గింజ తడిసి గురగురమంది. "ఇది పనికి రాదు." అట్లా ఐదు విజిల్లు ముంచాక ఆరోది, గింజ లేని ప్లాస్టిక్‌ది, తడిసి కూడా చెవులు గింగుర్లెత్తేట్టు కూసింది. "రిఫరీవా?" అని అడిగాడు షాపతను. "కాదు, పడవున్నది" అన్నాడు దస్రు. ఆ మాట అంటుంటే ఆయనకు తెలియకుండానే ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

కోట్లకు దారి చూపించింది ఫకీరా. కోదాడలో హైవే పక్కన లారీలకు సీట్లు కుట్టే మనిషి. బొద్దుగా, మాటకు ముందు నవ్వుతూ ఉంటాడు. దస్రు లారీ నడిపే రోజుల నుంచీ దోస్తు. సారు పడవతో పాటు వదిలేసిన రెండు పాత నీళ్ల కోట్లు దస్రు అతని ముందు పెట్టాడు. ఒకటి ఎలుకలు కొట్టింది, రెండోది పిసికితే నీళ్లు కారాయి.

"అరె భాయ్, ఇదేముంది? సీటు కవరుకి చేతుల బొక్కలు పెడితే ఇదే" అన్నాడు ఫకీరా. తన దగ్గరున్న సీటు స్పాంజితో ఒకటి కుట్టి ఇచ్చాడు. దస్రు దాన్ని రాళ్ల మూటకు తొడిగి నీళ్ల తొట్టిలో వేశాడు. స్పాంజి గుటగుటా నీళ్లు తాగి, మూటను తీసుకుని అడుగుకు పోయింది. ఇద్దరూ తొట్టిలోకి వంగి చూశారు.

"నువ్వయి ఉంటే ఏంగావాలె భాయ్?" అన్నాడు ఫకీరా చివరికి. అతని మొహంలో నవ్వు పోయింది. అప్పటి నుంచి అది అతనికి వేళాకోళం పని కాలేదు.

ఆ ఏడు కోదాడలో ఇంటింటికీ టీవీలు దిగుతున్నాయి. టీవీల షాపు వెనక డబ్బాల్లోంచి తీసేసిన తెల్లటి థర్మాకోల్ గుట్టలు పడి ఉండేవి. దాన్ని నీళ్లలో ఎంత తొక్కినా పైకే లేస్తుంది. ఫకీరా ఆ థర్మాకోల్‌ను పలకలుగా కోసి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క సంచీ చేసి, లారీ మీద కప్పే నారింజ రంగు తాటిపత్రిలో పెట్టి నైలాను దారంతో కుట్టాడు. ఈసారి రాళ్ల మూట తేలింది. దస్రుకు అది చాలలేదు.

"మూటకు చేతులు, మెడకాయ ఉండయి గద. మనిషి దిగాలె" అన్నాడు.

ఆ మనిషి ఎవరన్నది ఎవరూ అడగలేదు. వాడపల్లి రేవులో చేపలు పట్టే సైదయ్యను తోడు పిలిచి, నడుముకు మోకు కట్టించుకుని, దస్రు పొలాల నడుమ ఉన్న దిగుడుబావిలో మెట్టు మెట్టు దిగాడు. సైదయ్యకు అరవై దాటాయి. పుట్టి తప్ప వేరే పడవ ఎరగడు. గుండ్రటి ఆ వెదురు పుట్టిలో నలభై ఏళ్లుగా నది మీదే బతికాడు. మోకు పట్టుకుని పైన కూర్చుని, "నా పుట్టిల నేనుంట, తెడ్డుంటది. ఇంకేముంటది? నువ్వేందిరా గీ పరేషాన్" అంటున్నాడు.

చివరి మెట్టు మీద దస్రు కళ్లు మూసుకుని కాళ్లు వదిలేశాడు. మునిగాడు, తేలాడు. కానీ కోటు పైకి లేచి చెవుల దాకా వచ్చింది. ముక్కు, మూతి దానిలో ఇరుక్కుపోయి, ఏదో అరుస్తున్నాడు గానీ ఏం అరుస్తున్నాడో తెలియడం లేదు. సైదయ్య లాగి గట్టున వేశాక దగ్గుతూనే అన్నాడు. "తేల్తున్న సైదన్నా! తేల్తున్న! కాళ్ల నడిమికెల్లి ఒక పట్టీ ఉంటే పైకి లేవది."

తర్వాతి వారం కోట్లకు పట్టీలు పడ్డాయి. నాలుగు కోట్లు తయారయ్యాయి. ఆండ్లకు ఒక కొలత, మొగోళ్లకు ఒక కొలత. భూలి తన కోటు చూసి, "గింత బోడగ ఉంటె ఎట్ల?" అని అంచు చుట్టూ అద్దాలు కుట్టింది. సంచీల మీద సూది పడకూడదని దస్రు పక్కనే కూర్చుని ప్రతి కుట్టూ చూశాడు. లారీ ట్యూబుకు పంచరు వేయించి తాడు కట్టాడు. ఆయిలు డబ్బా కోసి నీళ్లు తోడే చెంబు చేశాడు. అరిగిపోయిన బ్రేకు డ్రమ్ము లంగరయింది. తుమ్మ కర్రతో మూడో తెడ్డు చెక్కించాడు. సైదయ్య వెక్కిరిస్తూనే దగ్గర కూర్చుని తెడ్డు వెయ్యడం నేర్పాడు. ముందు పొడి నేల మీద, తర్వాత ఒడ్డుకు కట్టేసిన పడవలో. మొత్తం మూడు నెలలు పట్టింది.

మాఘమాసం, ఒక ఆదివారం. గాలి లేదు. జానమ్మ చర్చి నుంచి వచ్చాక, మధ్యాహ్నం మూడింటికి నలుగురూ రేవులో చేరారు. దస్రు, భూలి, జానమ్మ, ఫకీరా. తను కుట్టినవాటిని తనే తొడుక్కోకపోతే పాపమని ఫకీరా బస్సెక్కి వచ్చాడు. తండా సగం ఒడ్డునే ఉంది. దస్రు పడవ చుట్టూ తిరిగాడు. పట్టీలు లాగి చూశాడు. విజిలు జానమ్మ మెడలో వేశాడు.

"సైదన్నా, మూసీ కలిసేకాడికి పోతం. అయిదింటికి వస్తం. రాకపోతే పుట్టి తియ్యి" అన్నాడు.

"పో పో. పెండ్లికి పోతున్నట్టు చెప్తున్నవ్" అన్నాడు సైదయ్య.

పడవ కదిలింది. మొదట అందరూ బిగుసుకుని కూర్చున్నారు. కాసేపటికి తెడ్డు చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. నది నడుమకు వచ్చాక దస్రు తెడ్లు ఆపాడు. భూలి మెల్లగా వెనక్కి తిరిగింది.

ఒడ్డు అరచెయ్యంత ఉంది. రేవు, పొలాలు, వాటి వెనక ఎర్రగుట్ట, గుట్ట మీద అగ్గిపెట్టెల్లాగా తండా ఇళ్లు. తను నిలబడి నడుము పట్టుకునే చోటు, మడి గట్టు, వేలితో చూపించబోయి ఆగిపోయింది. "అగో, గంతేనా?" అంది. "గంత చిన్న జాగల గింత పనున్నదా?" అని ఒకటే నవ్వు. ఆ నవ్వుకు జానమ్మ నవ్వింది, దస్రు నవ్వాడు. ఆమె అట్లా నవ్వడం ఆయన పెళ్లయిన కొత్తలో చూశాడు.

ఇంకాస్త ముందుకు పోతే మూసీ బురద నీళ్లు, కృష్ణ పచ్చ నీళ్లు పక్కపక్కన గీత గీసినట్టు పారుతున్నాయి. "యా అల్లా, ఏం రంగులు!" అంటూ ఫకీరా లేచి నిలబడ్డాడు.

"కూసో!" అని దస్రు అరిచే లోపే పడవ ఒక పక్కకు ఒరిగింది. ఫకీరా రెండో పక్కకు అడుగు వేశాడు. అంతే, ఆకాశం కిందికొచ్చింది.

నీళ్లు చల్లగా దస్రు తలను కప్పేశాయి. ఒక్క క్షణం చెవుల్లో హోరు. తర్వాత ఎవరో సంకల కింద చేతులు పెట్టి ఎత్తినట్టు పైకి వచ్చాడు. కోటు కదల్లేదు, మొహం నీళ్ల పైనే ఉంది. ఆయన చేసిన మొదటి పని చెకింగు. నీలం పడవ బోర్లా తేలుతోంది. దాని అవతల ఫకీరా, ఇవతల జానమ్మ, చీర కొంగు తల మీద తడిసి అంటుకుపోయి. భూలి? చుట్టూ చూశాడు. వెనక నుంచి అద్దాలు మెరుస్తూ వచ్చి ఆమె ఆయన భుజం పట్టుకుంది.

"అందరున్నరు. పడవ ఇడువకుండ్రి! ఎవ్వరు ఈదొద్దు!" అన్నాడు దస్రు. తన గొంతు అంత నిబ్బరంగా ఉండడం చూసి తనకే ఆశ్చర్యమేసింది.

జానమ్మ విజిలు నోట్లో పెట్టుకుంది. ఇరవై రెండేళ్లు బడిపిల్లలను వరసలో నిలబెట్టిన ఊపిరి అది. మూడు పొడుగు కూతలు. మళ్లీ మూడు. కూత విని ఒడ్డున సైదయ్య లేచాడు. వాలుతున్న పొద్దుకు భూలి అద్దాలు తళతళమనడంతో ఎటు రావాలో చూసుకుని పుట్టి తోశాడు.

ఫకీరా మాత్రం ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. "ఒక్క కుట్టు పోలేదు భాయ్! చూడు, ఒక్క కుట్టు!" అని కోటు తడుముకుంటున్నాడు. "టీచరమ్మకు సారీ చెప్పు ముందు" అంది భూలి. ఫకీరా నీళ్లలోనే సలాం పెట్టాడు. జానమ్మ విజిలు తీసి, "రేపు బడికి రా, గోడకుర్చీ వేయిస్త" అంది. ఇగ ఆగలేదు ఎవరికీ నవ్వు. సైదయ్య పుట్టి దగ్గరికి తెచ్చేసరికి నది నడుమ నలుగురు నారింజ రంగు మనుషులు తేలుతూ పకపకా నవ్వుతున్నారు.

"ఎక్కు బిడ్డా" అని సైదయ్య భూలికి చెయ్యి చాచాడు.

"జర ఆగు సైదన్నా. గీడ మంచిగున్నది" అంది భూలి.

ఒడ్డుకు చేరాక దస్రు తలొంచుకు కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ల పేరు ఒక్క పూటలో పోయిందని బాధ. భూలి జుట్టు పిండుకుంటూ, "మల్ల ఆదివారం ఏ గంటకు?" అని అడిగింది. ఆయన తలెత్తి చూశాడు. నిజంగానే అడుగుతోంది.

అప్పటి దాకా దూరంగా నిలబడ్డ సైదయ్య ఫకీరా దగ్గరికి వచ్చి చేతులు పక్కలకు చాచాడు. "నా కొలత దీస్కో" అన్నాడు. "మా పెద్దన్న గీ నదిలనే పోయిండు. ఈత నాకన్న మంచిగొచ్చు వానికి. దొరికేవరకు మూడొద్దులయ్యింది" అన్నాడు, కళ్లు నీళ్ల మీద పెట్టి. ఫకీరా జేబులోంచి తడిసిన టేపు తీసి, చాలా మర్యాదగా అతని ఛాతీ కొలిచాడు.

ఆ ఎండాకాలం లోపల రేవులోని పుట్టి వాళ్లందరికీ కోట్లు కుట్టడం అయిపోయింది. టీవీ షాపువాళ్లు థర్మాకోల్‌ను పారెయ్యడం మాని ఫకీరాకు ఎత్తిపెట్టారు. సైదయ్య దగ్గర దస్రు నలభై ఆరో ఏట ఈత నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక కూడా కోటు లేకుండా నీళ్లలోకి దిగలేదు. పడవలో కూర్చున్న చోటు నుంచి లేచేవాళ్లకు మాత్రం ఆయన దగ్గర క్షమాపణ లేదు. ఫకీరాను రెండేళ్లు అడుగున కూర్చోబెట్టే తిప్పాడు.

1991లో ఒక ఆఫీసరు నది చూస్తానని వచ్చాడు. ఇస్త్రీ తెల్లబట్టల మీద ఈ తాటిపత్రి కోటేమిటని చిరాకు పడ్డాడు. దస్రు తెడ్లు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని నది వైపు చూస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలు గడిచాయి. ఆఫీసరు వెంట వచ్చినవాళ్లు గుసగుసలాడారు. "ఏమయ్యా, పోదామా?" అన్నాడు ఆఫీసరు. "మీదే ఆలస్యం సార్" అన్నాడు దస్రు. ఆఫీసరు కోటు తొడుక్కున్నాడు. కాళ్ల మధ్య పట్టీ బిగించేటప్పుడు సిగ్గుపడ్డాడు కానీ, తిరిగి వచ్చేటప్పుడు తెడ్డు తానే వేస్తానని మారాం చేశాడు.

ఇంకో మూడేళ్లకు భూలి తల్లి సాలి ఆత్మకూరు వైపు తండా నుంచి వచ్చి నెల రోజులు ఉంది. ఎనభై ఏళ్ల మనిషి. చేతుల నిండా గాజులు, ఒంటి నిండా అద్దాల బట్టలు. ఎన్నో ఊళ్లు నడిచింది గానీ నీళ్లు దాటింది లేదు. కోటు వేస్తుంటే, "నన్ను గంపల పెట్టి అమ్మవోతున్నరా?" అని ఒకటే తిట్టింది. ఆ రోజు తెడ్లు భూలి పట్టింది. అవతలి ఒడ్డు ఇసుకలో సైదయ్య ఇచ్చిన చేపలు కాల్చుకుని, జొన్నరొట్టెలతో తిన్నారు. సాలి రెండు ముక్కలు ఎక్కువే తింది. అవతలి ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్లతో వాళ్ల భాష, తన భాష కలిపి అరగంట మాట్లాడింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ చల్లబడింది. పడవ ఊపుకు ముసలామె తల దస్రు భుజం మీద వాలిపోయింది. రేవు దగ్గర పడింది.

"యాడీ" అని భూలి తల్లిని మెల్లగా పిలిచింది. సాలి పలకలేదు. నోరు కొంచెం తెరిచి, హాయిగా గుర్రు పెడుతోంది.

భూలి దస్రు వైపు చూసింది. దస్రు ఆకాశం వైపు చూశాడు. మబ్బు లేదు, గాలి లేదు, పొద్దు ఇంకా ఉంది. ఒడ్డున ఉన్న సైదయ్యకు చెయ్యెత్తి, ఇంకో అరగంట అని వేళ్లతో చూపించాడు. సైదయ్య సరేనన్నట్టు తలగుడ్డ ఊపాడు.

భూలి ఎడమ తెడ్డు లోపలికి లాగి, పడవను మళ్లీ నడినీళ్ల వైపు తిప్పింది.